చేనేత చీరల వెబ్‌సైట్‌కి ఏ పేమెంట్ పద్ధతి: గేట్‌వే, క్యూఆర్, సీఓడీ లెక్కలు

మీ ప్రశ్న ఇది: మంగళగిరి చీరలు ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్‌లో అమ్ముతున్నారు. నెలకి దాదాపు 150 ఆర్డర్లు, సగటున ఒక్కోటి 1,800 రూపాయలు. ఇప్పటిదాకా సొంత ఫోన్ నంబరుకే యూపీఐ వేయించుకుంటున్నారు. ఇప్పుడు వెబ్‌సైట్ పెడుతున్నారు. గేట్‌వేకి (కస్టమర్ దగ్గర ఆన్‌లైన్‌లో డబ్బు తీసుకుని మీ ఖాతాకి పంపే సంస్థకి) 2 శాతం ఇవ్వడం దండగేనా, సీఓడీ (చీర చేరాక డబ్బు ఇవ్వడం) తప్పదా, అమెరికాలో ఉన్న కస్టమర్ల దగ్గర డబ్బు ఎలా తీసుకోవాలి?

వెబ్‌సైట్‌కి గేట్‌వే పెట్టుకోండి. అందులో యూపీఐ ముందు కనిపించేలా చూసుకోండి. సీఓడీ అందరికీ ఇవ్వకండి. విదేశీ ఆర్డర్లకి దారి వేరు. ఏ కంపెనీ 1.9 శాతం అంటోంది, ఏది 2 అంటోంది అన్నది చివర్లో చూడాల్సిన సంగతి. మీ స్థాయి వ్యాపారంలో ఫీజు కంటే ఎక్కువ డబ్బు వేరే చోట్ల పోతుంది: డబ్బు రాకముందే పంపేసిన చీర, వచ్చిన డబ్బు ఏ ఆర్డర్‌దో తేలక ఆగిపోయిన పార్సిల్, ఉన్నట్టుండి ఫ్రీజ్ అయిన ఖాతా.

ముందు సొంత నంబరు సంగతి. దీన్ని వెంటనే మార్చాలి, వెబ్‌సైట్ దాకా ఆగొద్దు. సొంత సేవింగ్స్ ఖాతాలో మూడు ప్రమాదాలున్నాయి.

మొదటిది నకిలీ స్క్రీన్‌షాట్. పచ్చటి టిక్కుతో సహా అచ్చం అసలులాగే చూపించే నకిలీ యాప్‌లు తిరుగుతున్నాయి. బ్యాంకు నుంచి వచ్చినట్టే ఉండే ఎస్ఎంఎస్‌లు కూడా పంపుతారు. స్క్రీన్‌షాట్ చూసి సరుకు పంపడం ఇవాళ్టి నుంచే మానేయండి. కస్టమర్‌ని 12 అంకెల యూటీఆర్ నంబరు (ఒక్కో చెల్లింపుకి వచ్చే గుర్తింపు సంఖ్య) అడగండి, అది మీ బ్యాంకు స్టేట్‌మెంట్‌లో కనిపిస్తేనే ప్యాక్ చేయండి. రోజుకి ఐదు ఆర్డర్లకి ఇది కుదురుతుంది. పండగ ముందు రోజుకి ముప్పై వస్తే, ఒకే ధర చీరలు నలుగురు కొంటే, 1,800 చొప్పున నాలుగు జమలు కనిపిస్తాయి. ఏది ఎవరిదో చెప్పలేరు. డబ్బు పంపిన పేరు ఒకటి, ఆర్డర్ పెట్టిన పేరు ఇంకొకటి ఉంటుంది.

రెండోది ఖాతా ఫ్రీజ్. ఇది చాలామందికి తెలియదు. ఎవరో ఒకరిని మోసం చేసి కొట్టేసిన డబ్బుతో మీ దగ్గర చీర కొన్నారనుకోండి. మోసపోయినవాళ్లు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు చేస్తే, ఆ డబ్బు ఏ ఏ ఖాతాల మీదుగా వెళ్లిందో ఆ ఖాతాలన్నిటి మీదా బ్యాంకులు చెయ్యి వేస్తాయి. ఒక్కోసారి ఆ మొత్తాన్నే ఆపుతాయి, ఒక్కోసారి ఖాతా మొత్తం ఆగిపోతుంది. కేసు ఏ రాష్ట్రంలోనో ఉంటుంది. బిల్లు, కొరియర్ రసీదు, చాట్ అన్నీ బ్యాంకుకీ, దర్యాప్తు చేస్తున్న స్టేషన్‌కీ పంపి విడిపించుకోవాలి. ఇంటి ఈఎంఐ, పిల్లల ఫీజు కూడా ఆ ఖాతాలోంచే పోతుంటే ఇల్లంతా స్తంభించిపోతుంది. అందుకే ఏ గేట్‌వే ఎంచుకున్నా సరే, వ్యాపారం పేరు మీద కరెంట్ ఖాతా తెరవండి. ఒక్కో ఆర్డర్‌కి బిల్లు ఉంచుకోండి.

మూడోది జీఎస్టీ. 2025 జులైలో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ జమలు చూసి చిన్న వ్యాపారులకి నోటీసులు పంపింది. మీ నెల అమ్మకం 2,70,000 అంటే ఏడాదికి 32,40,000. సరుకుల వ్యాపారానికి రిజిస్ట్రేషన్ పరిమితి ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు. అంటే ఇదే వ్యాపారం మంగళగిరిలో పరిమితి లోపల ఉంటుంది, హైదరాబాద్‌లో దాటిపోతుంది. ఇంకో మెలిక ఉంది: ఇతర రాష్ట్రాలకి సరుకు అమ్మితే ఈ పరిమితితో పని లేకుండా రిజిస్ట్రేషన్ కావాలన్నది సాధారణ నియమం. మంగళగిరి నుంచి హైదరాబాద్‌కి పంపినా అది ఇతర రాష్ట్రమే. హస్తకళా వస్తువులకి కొన్ని సడలింపులు ఉన్నాయి, మీ సరుకు అందులోకి వస్తుందో లేదో ఆడిటర్‌ని అడిగి తేల్చుకోండి. చుట్టాలు పంపిన డబ్బు, చీటీ డబ్బు, చీరల డబ్బు ఒకే ఖాతాలో కలిసిపోయి ఉంటే, ఏది అమ్మకం కాదో నిరూపించే భారం మీ మీద పడుతుంది.

ఇక ఫీజు. యూపీఐకి, రూపే డెబిట్ కార్డుకి 2020 జనవరి 1 నుంచి ఎండీఆర్ (చెల్లింపు తీసుకున్నందుకు వ్యాపారి నుంచి తీసుకునే రుసుము) సున్నా. ఇది చూసి గేట్‌వేలో కూడా యూపీఐ ఉచితమే అనుకుంటారు. కాదు. ఎండీఆర్ బ్యాంకుల వాటా. గేట్‌వే తన ప్లాట్‌ఫాం ఫీజు వేరుగా వేస్తుంది, చాలా ప్లాన్లలో అది అన్ని దేశీయ పద్ధతులకీ కలిపి 2 శాతం దగ్గర ఉంటుంది. దాని మీద 18 శాతం జీఎస్టీ. 1,800 రూపాయల ఆర్డర్ మీద ఫీజు 36, జీఎస్టీ 6.48, మొత్తం 42.48. నెలకి 150 ఆర్డర్లకి 6,372 రూపాయలు. మీరు జీఎస్టీలో రెగ్యులర్ స్కీమ్‌లో ఉంటే అందులో 972 ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించుకుని, తిరిగి వాడుకోవచ్చు, కాకపోతే గేట్‌వే ఖాతాలో మీ జీఎస్టీ నంబరు ముందే నమోదు చేసి ఉండాలి. కాంపోజిషన్‌లో (చిన్న వ్యాపారులు అమ్మకం మీద తక్కువ శాతం పన్ను కట్టే స్కీమ్‌లో) ఉంటే ఆ క్రెడిట్ రాదు.

బేరం ఆడాల్సింది ఆ 2 శాతం మీద కాదు, యూపీఐ రేటు మీద. మీ ఆర్డర్లలో ఎక్కువ భాగం యూపీఐలోనే వస్తాయి కాబట్టి దానికి విడిగా తక్కువ రేటు అడగండి, ఒప్పుకుంటే ఈమెయిల్‌లో రాయించుకోండి. మూడు నెలల అమ్మకాలు చూపించి అడిగితే వినే అవకాశం ఎక్కువ. రూపే క్రెడిట్ కార్డుని యూపీఐకి కలిపి కట్టినప్పుడు దాన్ని యూపీఐగా లెక్కేస్తారా, క్రెడిట్ కార్డుగా లెక్కేస్తారా అన్నది కూడా అడగండి. చాలాచోట్ల 2,000 దాటితే కార్డు రేటే పడుతుంది. సెటప్ ఫీజు, ఏడాది నిర్వహణ ఫీజు, రీఫండ్ మీద ఛార్జీ, డబ్బు త్వరగా పంపడానికి అదనపు ఛార్జీ, ఈ నాలుగూ ప్రకటనల్లో కనిపించవు. రీఫండ్ చేస్తే మొదట తీసుకున్న ఫీజు సాధారణంగా వెనక్కి రాదని కూడా గుర్తుంచుకోండి.

ఈ ఫీజుని చెకౌట్‌లో కస్టమర్ మీద విడిగా వేయకండి. డెబిట్ కార్డు మీద అదనపు రుసుమును ఆర్‌బీఐ ఒప్పుకోదు, పైగా చివరి నిమిషంలో 40 రూపాయలు పెరిగితే కొనేవాళ్లు వెనక్కి తగ్గుతారు. చీర ధరలోనే కలిపేయండి.

కంపెనీ ఎంపికలో మొదటి జల్లెడ: ఆర్‌బీఐ వెబ్‌సైట్‌లో అనుమతి పొందిన పేమెంట్ అగ్రిగేటర్ల (వ్యాపారుల తరఫున డబ్బు తీసుకునే గేట్‌వే సంస్థల) జాబితా ఉంటుంది, అందులో ఉందా లేదా చూడండి. రేజర్‌పే, క్యాష్‌ఫ్రీ, సీసీఅవెన్యూ లాంటివి అందులోనివే. అనుమతి ఉన్న సంస్థ మీ డబ్బుని ఎస్క్రో ఖాతాలో (బ్యాంకులో వ్యాపారుల డబ్బు కోసమే ఉండే ఖాతాలో) విడిగా ఉంచాలి, సొంత ఖర్చులకి కలుపుకోకూడదు. అమెరికా వీడియోలు చూసి స్ట్రైప్ కోసం (అమెరికా గేట్‌వే) వెతికేవాళ్లు చాలామంది ఉన్నారు. భారత్‌లో అది 2024 నుంచి ఆహ్వానం ఉన్న వ్యాపారాలకే ఖాతా ఇస్తోంది, దాని మీద సమయం పెట్టకండి.

ఖాతా తెరవడానికి పాన్, ఆధార్, కరెంట్ ఖాతా రద్దు చేసిన చెక్కు, ఉద్యం సర్టిఫికెట్ (చిన్న పరిశ్రమల నమోదు పత్రం) లేదా లేబర్ లైసెన్స్, ఉంటే జీఎస్టీ సిద్ధం చేసుకోండి. దరఖాస్తులు ఎక్కువగా ఆగేది కాగితాల దగ్గర కాదు, వెబ్‌సైట్ దగ్గర. చిరునామా, ఫోన్ నంబరుతో సంప్రదించే పేజీ, షరతులు, ప్రైవసీ, రీఫండ్-రద్దు, డెలివరీ విధానం, ఈ ఐదు పేజీలూ తెరిస్తే కనిపించాలి. వేరే సైట్ నుంచి కాపీ చేసిన పేజీలో వాళ్ల కంపెనీ పేరు అలాగే మిగిలిపోతే తిరగ్గొడతారు. ధరలు లేని సైట్‌ని కూడా ఒప్పుకోరు. పాన్ మీద పేరు, బ్యాంకు ఖాతా పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి.

సైట్ పూర్తయ్యేలోపు అదే ఖాతాలో పేమెంట్ లింకులు వాడుకోవచ్చు. ఆర్డర్‌కి ఒక లింక్, అందులో ఖచ్చితమైన మొత్తం, గడువు. వాట్సాప్‌లో పంపితే ఎవరు కట్టారో ఆర్డర్ నంబరుతో సహా తెలుస్తుంది. ఒక్క వరస కోడ్ కూడా రాయక్కర్లేదు. నెలకి 40, 50 ఆర్డర్లవాళ్లకి ఇదే చాలు, వెబ్‌సైట్ లేకపోయినా నడుస్తుంది.

వెబ్‌సైట్ చేసేవాళ్లకి మాత్రం కింది మాటలు చూపించండి. గేట్‌వే సమస్యల్లో ఎక్కువ ఇక్కడే పుడతాయి.

చెల్లింపు అయిందని నమ్మాల్సింది కస్టమర్ బ్రౌజర్‌ని కాదు, గేట్‌వే నేరుగా మీ సర్వర్‌కి పంపే సందేశాన్ని, అంటే వెబ్‌హుక్‌ని. డబ్బు కట్టి, ఫోన్‌పేలో టిక్కు చూసి, బ్రౌజర్‌కి తిరిగి రాకుండా ఫోన్ పక్కన పెట్టేసేవాళ్లు ఎందరో. బ్రౌజర్ మీదే ఆధారపడితే వాళ్ల ఆర్డర్ మీ దగ్గర ‘కట్టలేదు’ అని ఉంటుంది, డబ్బు మాత్రం వచ్చేసి ఉంటుంది. వెబ్‌హుక్ వచ్చినప్పుడు దాని డిజిటల్ సంతకాన్ని (గేట్‌వే పంపిందేనని చూపే కోడ్‌ని) సరిచూడాలి, లేకపోతే ఎవరైనా నకిలీ సందేశం పంపి ఉచితంగా చీర తెప్పించుకోవచ్చు. ఒకే వెబ్‌హుక్ రెండుసార్లు రావడం మామూలే, రెండోసారి వస్తే మళ్లీ పార్సిల్ తయారు కాకూడదు. మొత్తాన్ని సర్వరే లెక్కగట్టి గేట్‌వేకి పంపాలి. బ్రౌజర్ నుంచి వచ్చే మొత్తాన్ని నమ్మితే 1,800 చీరని రూపాయికి కొనేస్తారు. చాలా గేట్‌వేలు మొత్తాన్ని పైసల్లో అడుగుతాయి, కాబట్టి 1,800 రూపాయలంటే 1,80,000 అని పంపాలి. 1,800 అనే పంపితే, ఈ ఒక్క పొరపాటుతో 18 రూపాయలకే చీరలు అమ్ముడుపోతాయి.

కార్డు చెల్లింపుల్లో ‘ఆథరైజ్’ (బ్యాంకు ఆ మొత్తాన్ని పట్టి ఉంచడం) వేరు, ‘క్యాప్చర్’ (దాన్ని మీకోసం తీసుకోవడం) వేరు. ఆథరైజ్ అయిన డబ్బుని క్యాప్చర్ చేయకపోతే కొన్ని రోజుల తర్వాత కస్టమర్‌కి వెనక్కి పోతుంది. మీరు చీర పంపేసి ఉంటారు. డాష్‌బోర్డులో ఆటో క్యాప్చర్ ఆన్ చేసి ఉందో లేదో చూసుకోండి.

ఇన్‌స్టాగ్రామ్ నుంచి వచ్చేవాళ్లే మీకు ఎక్కువ కదా, దీన్ని తప్పకుండా పరీక్షించండి: ఇన్‌స్టాగ్రామ్‌లో లింక్ నొక్కితే దాని లోపలి బ్రౌజర్‌లోనే మీ సైట్ తెరుచుకుంటుంది. అక్కడి నుంచి యూపీఐ యాప్ తెరవడం కొన్ని ఫోన్లలో విఫలమవుతుంది, కస్టమర్‌కి తెల్ల పేజీ కనిపిస్తుంది. ఒక ఆండ్రాయిడ్, ఒక ఐఫోన్ తీసుకుని ఇన్‌స్టాగ్రామ్ లోపలి నుంచే 1 రూపాయి కట్టి చూడండి. ఆగిపోతుంటే పేజీలో క్యూఆర్ కూడా కనిపించేలా పెట్టించండి, లేదా ‘క్రోమ్‌లో తెరవండి’ అని పైన రాయించండి. కంప్యూటర్‌లో చూసేవాళ్లకి ఎలాగూ క్యూఆరే సులువు. యూపీఐ ఐడీ టైప్ చేయించి రిక్వెస్ట్ పంపే పద్ధతి మీద ఆధారపడకండి. ఐడీ తప్పు కొట్టడం, నోటిఫికేషన్ చూడకపోవడం, గడువు దాటిపోవడం అందులోనే ఎక్కువ.

చేనేతకి ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటి. మీ చీరల్లో చాలావరకు ఒక్కో రంగుకి ఒక్కటే ముక్క ఉంటుంది. ఇద్దరు ఒకేసారి కట్టేస్తే? ‘కొనండి’ నొక్కగానే ఆ చీరని 15 నిమిషాలు పట్టి ఉంచాలి, డబ్బు రాకపోతే వదిలేయాలి. యూపీఐ చెల్లింపు ఒక్కోసారి పెండింగ్‌లో ఉండి ఆలస్యంగా విజయవంతమవుతుంది. అప్పటికి చీర వేరొకరికి వెళ్లిపోతే, ఆలస్యంగా వచ్చిన డబ్బుని మనిషి చూసేదాకా ఆపకుండా వెంటనే రీఫండ్ చేసేలా ముందే రాయించండి.

కస్టమర్ ఖాతాలో డబ్బు కట్ అయి మీకు నిర్ధారణ రాకపోతే ఏం చెప్పాలి? 2019 సెప్టెంబరులో ఆర్‌బీఐ పెట్టిన నియమం ప్రకారం వ్యాపారికి యూపీఐలో కట్టినది ఇలా ఆగిపోతే లావాదేవీ రోజు తర్వాత 5 రోజుల్లోపు తిరిగి జమ కావాలి. దాటితే రోజుకి 100 రూపాయలు కస్టమర్‌కి పరిహారం. ఈ మాటని వాట్సాప్‌లో సిద్ధంగా ఉంచుకోండి. తొందరపడి మీ జేబులోంచి వెనక్కి వేయకండి, ఆ తర్వాత బ్యాంకు కూడా వేస్తే రెండుసార్లు పోతుంది.

డబ్బు మీ ఖాతాకి చేరే వేళ కూడా లెక్కలోకి తీసుకోండి. సాధారణంగా రెండు పనిదినాలు పడుతుంది. శుక్రవారం రాత్రి అమ్మినది మంగళవారం రావచ్చు. నేత కార్మికులకి శనివారం కూలి ఇచ్చే అలవాటు ఉంటే కనీసం నాలుగు రోజుల అమ్మకానికి సమానమైన డబ్బు, మీ లెక్కలో 36,000 రూపాయలు, చేతిలో ఉండాలి. కొత్త ఖాతాల్లో అమ్మకం ఒక్కసారిగా పెరిగితే గేట్‌వేలు పరిశీలన కోసం డబ్బు ఆపుతాయి. దసరా, సంక్రాంతి ముందు వారం రోజులకి, ఫలానా తేదీల్లో అమ్మకం పెరుగుతుందని సపోర్ట్‌కి ముందే రాసి పెట్టండి. బిల్లులు, కొరియర్ నంబర్లు దగ్గర ఉంచుకోండి.

పుస్తకాల్లో అమ్మకాన్ని ఫీజు పోయాక వచ్చిన మొత్తంగా రాయకండి. 1,800 అమ్మకం, 42.48 ఖర్చు. ఖాతాలో పడిన 1,757.52ని అమ్మకంగా రాస్తే ఏడాది చివర జీఎస్టీ లెక్కకీ బ్యాంకు లెక్కకీ పొంతన కుదరదు.

చార్జ్‌బ్యాక్‌లు (కార్డు కస్టమర్ బ్యాంకుకి ఫిర్యాదు చేసి డబ్బు వెనక్కి తీసుకోవడం) చీరల్లో తక్కువే, కానీ వస్తే చీర, డబ్బు రెండూ పోతాయి. అన్నీ మోసం వల్లే రావు, పేరు గుర్తుపట్టకపోవడం వల్ల కూడా వస్తాయి. సైట్ మీద ఒక పేరు, కార్డు స్టేట్‌మెంట్‌లో యజమాని ఇంటిపేరు కనిపిస్తే, కట్టిందేమిటో గుర్తురాక బ్యాంకుకి ఫిర్యాదు చేస్తారు. స్టేట్‌మెంట్‌లో మీ బ్రాండ్ పేరు వచ్చేలా గేట్‌వేని అడగండి. ఫిర్యాదు వస్తే జవాబుకి గడువు కొద్ది రోజులే, ఈమెయిల్ చూడకపోతే ఓడిపోయినట్టే. డెలివరీ రుజువు, చాట్, 5,000 దాటిన చీరలకి ప్యాకింగ్ వీడియో కనీసం ఆరు నెలలు ఉంచండి.

సీఓడీ ఉచితం అనుకునేవాళ్లకి ఈ లెక్క. 60 సీఓడీ ఆర్డర్లలో 9 తిరిగొచ్చాయనుకుందాం. పంపడానికి 80, వెనక్కి 80 చొప్పున 1,440 రూపాయలు. చేరిన 51కి కొరియర్ సీఓడీ ఛార్జీ 40 చొప్పున 2,040. మొత్తం 3,480, అంటే ఆర్డర్‌కి 58. గేట్‌వే 42.48 కంటే ఎక్కువ. ఆ తొమ్మిది చీరలు రెండు వారాలు రోడ్డు మీద తిరిగాయి, ఆ రంగు అడిగినవాళ్లకి లేదని చెప్పారు. కొరియర్ వసూలు చేసిన డబ్బు మీకు చేరడానికి మరో వారం పడుతుంది. అయినా సీఓడీని పూర్తిగా తీసేయమనను. కొత్త సైట్ మీద నమ్మకం లేనివాళ్లు దానితోనే మొదలుపెడతారు. 100 రూపాయలు ముందు ఆన్‌లైన్‌లో కట్టించుకుని మిగతాది డెలివరీలో తీసుకోండి, తీసుకునే ఉద్దేశం లేనివాళ్లు అక్కడే ఆగిపోతారు. 3,000 దాటిన చీరలకి, ఇంతకుముందు తిప్పి పంపిన నంబర్లకి, తరచూ తిరిగొచ్చే పిన్‌కోడ్‌లకి సీఓడీ ఆపేయండి.

అమెరికా కస్టమర్ల విషయంలో ముందు ఎవరు కడుతున్నారో, సరుకు ఎక్కడికి వెళ్తుందో విడదీయండి. డాలస్‌లో ఉన్న అమ్మాయి విజయవాడలో అమ్మకి చీర పంపిస్తుంటే, తన ఎన్ఆర్ఈ లేదా ఎన్ఆర్ఓ ఖాతాతో (ప్రవాస భారతీయులకి ఇక్కడి బ్యాంకులు ఇచ్చే ఖాతాతో) యూపీఐ కట్టొచ్చు. అమెరికా, కెనడా, యూకే, ఆస్ట్రేలియా, సింగపూర్, గల్ఫ్‌లోని కొన్ని దేశాల ఫోన్ నంబర్లకి కొన్ని బ్యాంకులు దీన్ని ఇస్తున్నాయి. విదేశీ కార్డుతో కట్టాలంటే గేట్‌వేలో అంతర్జాతీయ చెల్లింపులు విడిగా తెరిపించుకోవాలి, ఫీజు 3 శాతం దగ్గర మొదలవుతుంది. విదేశీ కార్డుల్లో చాలావాటికి ఓటీపీ ఉండదు, దొంగ కార్డుల బెడద అక్కడే ఎక్కువ. కార్డు దేశం ఒకటి, డెలివరీ చిరునామా ఇంకొకటి, మొత్తం మామూలు కంటే చాలా పెద్దది అయితే పంపేముందు ఫోన్ చేసి మాట్లాడండి.

చీర అమెరికాకే వెళ్తుంటే అది ఎగుమతి. డీజీఎఫ్‌టీ (కేంద్ర విదేశీ వాణిజ్య విభాగం) దగ్గర 500 రూపాయలు కట్టి ఐఈసీ (ఎగుమతి, దిగుమతి చేసేవాళ్ల కోడ్) తీసుకోవాలి. డబ్బు ఎగుమతి కింద సరైన పర్పస్ కోడ్‌తో (డబ్బు దేనికోసం వచ్చిందో బ్యాంకుకి చెప్పే కోడ్‌తో) రావాలి, దాని రసీదు దాచుకోవాలి. పేపాల్ 2021 ఏప్రిల్ నుంచి భారత్‌లో దేశీయ చెల్లింపులు ఆపేసింది, విదేశాల నుంచి తీసుకోవడానికి మాత్రం పనిచేస్తుంది. అక్కడి వాళ్లకి అలవాటైన పేరు కాబట్టి కొనేస్తారు, కానీ ఫీజు, కరెన్సీ మార్పిడి తేడా కలిపితే దేశీయ గేట్‌వే కంటే బాగా ఎక్కువే పడుతుంది. నెలకి పదిలోపు విదేశీ ఆర్డర్లుంటే పేపాల్‌తో మొదలుపెట్టండి, దాటితే క్రాస్ బోర్డర్ (విదేశాల నుంచి డబ్బు తీసుకునే) అనుమతి ఉన్న అగ్రిగేటర్ రేట్లు తెప్పించుకుని పోల్చండి. విదేశీ ధరలో 6, 7 శాతం ముందే కలిపి పెట్టుకోండి.

సైట్ తెరిచే ముందు అసలు డబ్బుతో నాలుగు పరీక్షలు చేయించండి: కట్టాక బ్రౌజర్ మూసేయడం, మధ్యలో నెట్ ఆపేయడం, ఒకే ఆర్డర్‌కి రెండుసార్లు కట్టడం, రీఫండ్ నొక్కి డబ్బు నిజంగా తిరిగొచ్చే దాకా చూడటం. మొదటి నెల రోజూ సాయంత్రం మీ ఆర్డర్ల జాబితా, గేట్‌వే డాష్‌బోర్డు, బ్యాంకు స్టేట్‌మెంట్ మూడూ పక్కపక్కన పెట్టి సరిచూడండి. తేడా ఏ రోజుది ఆ రోజు దొరికితే పది నిమిషాల్లో తేలిపోతుంది, నెల తర్వాత దొరికితే కస్టమర్, బ్యాంకు, గేట్‌వే ముగ్గురి చుట్టూ తిరగాలి. ఆ నెల గడిచాక మీ యూపీఐ, కార్డు, సీఓడీ వాటాలు ఎంతెంతో తెలుస్తాయి. రేటు తగ్గించమని గేట్‌వేతో మాట్లాడేటప్పుడు ఆ అంకెలే పట్టుకెళ్లండి.